ఫైర్ సేఫ్టీ ఇంజినీరింగ్‌లో పీజీ: ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ డిప్లొమాకు, దీనికి తేడా ఎక్కడ?

క్లుప్తంగా: ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ పేరుతో నడిచే డిప్లొమాలు, పరిశ్రమల భద్రతా కోర్సులు, ఫైర్ సేఫ్టీ ఇంజినీరింగ్ పీజీ... ఈ మూడూ ఒకటి కావు. మంట ఎంత వేగంగా పెరుగుతుంది, పొగ ఎటు పోతుంది, కట్టడం ఎంతసేపు నిలుస్తుంది, మనుషులు ఎంతసేపట్లో బయటపడతారు అన్నవాటిని లెక్కగట్టి, ఆ లెక్కతో డిజైన్‌ను సమర్థించే చదువు మూడోది. సూత్రాలు, సాఫ్ట్‌వేర్ అందులో తేలిక భాగం. లెక్కలోకి ఏ అంకె వేయాలి, అదే ఎందుకు వేయాలి అన్నది అసలు చదువు. దీనికి పేరున్న కోర్సులు ఎక్కువగా యూరప్, అమెరికా, న్యూజీలాండ్‌లలో ఉన్నాయి.

ఇప్పుడెందుకు ఈ చర్చ

లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న తగలబడి 72 మంది చనిపోయారు. గోడలకు బయట తొడిగిన అల్యూమినియం పలకల నడుమ పాలీఇథిలీన్ ఉండటంతో, ఒక ఫ్లాట్ వంటగదిలో మొదలైన మంట భవనం వెలుపలి నుంచి పైదాకా పాకింది. విచారణ సంఘం రెండో దశ నివేదిక 2024 సెప్టెంబరు 4న వచ్చింది. తయారీ సంస్థలను, అధికారులను తప్పుపట్టడంతో అది ఆగలేదు. ‘ఫైర్ ఇంజినీర్’ అన్న వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపు, రక్షణ ఉండాలని, దాన్ని నియంత్రించే స్వతంత్ర సంస్థ కావాలని, మాస్టర్స్ స్థాయిలో నాణ్యమైన కోర్సుల్లో సీట్లు వెంటనే పెంచాలని సిఫార్సు చేసింది. ఆ నివేదిక వచ్చేనాటికి బ్రిటన్‌లో ఎవరైనా ఫైర్ ఇంజినీరునని చెప్పుకోవడానికి చట్టం అడ్డు రాలేదు. సిఫార్సులను అంగీకరిస్తున్నట్లు అక్కడి ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది.

మన దగ్గర ఈ ప్రశ్న మరో దారిన వచ్చింది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి చేరి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. 2023 మార్చిలో అదే నగరంలో ఒక వాణిజ్య సముదాయంలో ఆరుగురు, 2025 మేలో చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద 17 మంది చనిపోయారు. మూడింటిలోనూ ప్రాణాలు తీసింది ప్రధానంగా పొగే. ఇలాంటి ప్రతి ప్రమాదం తర్వాత చర్చ అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఉందా లేదా అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. పొగ ఆ మెట్లదారిలోకి ఎన్ని సెకన్లలో చేరింది, చేరకుండా ఉండాలంటే ఏం మారాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే వృత్తి ఒకటుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఒకే బోర్డు కింద మూడు చదువులు

మొదటిది అగ్నిమాపక సేవ. మంట ఆర్పడం, జనాన్ని రక్షించడం, స్టేషన్ నిర్వహణ దీని పని. కేంద్ర హోంశాఖ కింద నాగ్‌పుర్‌లో ఉన్న నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఈ రంగానికి పుట్టిల్లు. సబ్ ఆఫీసర్, స్టేషన్ ఆఫీసర్ శిక్షణలతో పాటు ఫైర్ ఇంజినీరింగ్‌లో బీఈ కూడా అక్కడ ఉంది.

రెండోది పారిశ్రామిక భద్రత. కర్మాగారంలో యంత్రాలు, రసాయనాలు, ఎత్తులో పని, విద్యుత్తు, అగ్ని... అన్నీ ఇందులోకి వస్తాయి. అగ్ని ఇందులో ఒక అధ్యాయం మాత్రమే. కేంద్ర కార్మికశాఖ ప్రాంతీయ సంస్థలు నడిపే ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా, తిరుచ్చి ఎన్‌ఐటీలోని ఇండస్ట్రియల్ సేఫ్టీ ఎంటెక్, కొచ్చిలోని శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం కుసాట్‌లో ఆరోగ్య, భద్రత, పర్యావరణ నిర్వహణ ఎంటెక్ ఈ కోవలోవి. గల్ఫ్ ఉద్యోగాల కోసం చాలామంది రాసే బ్రిటన్ భద్రతా పరీక్షల సంస్థ నెబోష్ సర్టిఫికెట్ కూడా ఇటువైపుదే. వీటికి గిరాకీ తగ్గదు సరికదా, పెరుగుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం 500 మంది కార్మికులున్న కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి; ప్రమాదకర ప్రక్రియలుంటే 250 మందికే ఆ నిబంధన వర్తిస్తుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఈ హద్దు వెయ్యి మంది.

మూడోది ఫైర్ సేఫ్టీ ఇంజినీరింగ్. ఇది డిజైన్ వృత్తి. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు, ఏసీ డిజైనరు కూర్చునే బల్ల దగ్గరే వీరూ కూర్చుంటారు. సేఫ్టీ ఆఫీసర్ కావాలనుకునే వారు మూడోది చదివితే డబ్బు దండగ. పొగ నియంత్రణ డిజైన్ చేయాలనుకునే వారికి మొదటి రెండూ సరిపోవు. కోర్సు పేరులో ‘ఫైర్’ ఉందా అని కాక, సిలబస్‌లో ఉష్ణ బదిలీ, దహనం, ద్రవ గతిశాస్త్రం ఎన్ని క్రెడిట్లున్నాయో చూస్తే తేడా అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

నియమం చూసి కట్టడం, లెక్క చూసి కట్టడం

భారత జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016లో నాలుగో భాగం అగ్ని, ప్రాణ భద్రతకు సంబంధించింది. 15 మీటర్లు, ఆపైన ఎత్తుంటే బహుళ అంతస్తుల భవనం. మెట్ల వెడల్పు ఇంత, బయటి దారికి నడిచే దూరం ఇంత, ఫలానా గోడ ఇన్ని గంటలు నిలవాలి అని అది నేరుగా చెబుతుంది. ఇది నియమాల పద్ధతి. తనిఖీ చేసే అధికారికి టేపు, చెక్‌లిస్టు ఉంటే చాలు. మామూలు అపార్ట్‌మెంటుకు, చిన్న కార్యాలయానికి ఇంతకు మించి అవసరం లేదు. అలాంటి చోట కంప్యూటర్ అనుకరణలు అమ్మజూపే కన్సల్టెంటును అనుమానించాల్సిందే.

నియమాలు రాసినవారు ఊహించని భవనం వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. పది అంతస్తుల ఎత్తు ఖాళీగా వదిలిన మాల్ మధ్యభాగం, విమానాశ్రయ టెర్మినల్, భూగర్భ మెట్రో స్టేషన్, రెండో మెట్లదారికి చోటు లేని పాతబస్తీ ఇల్లు... వీటికి కోడ్‌లోని దూరాలు, వెడల్పులు సరిగ్గా అతకవు. అప్పుడు పనితీరు ఆధారిత డిజైన్ వస్తుంది. సూటిగా చెప్పాలంటే రెండు కాలాల పోలిక ఇది. నిలబడలేనంతగా పొగ, వేడి చేరేవరకు దొరికే సమయం ఒకటి. అందరూ బయటపడటానికి పట్టే సమయం మరొకటి. మొదటిది రెండోదాని కంటే తగినంత ఎక్కువగా ఉందని నిరూపించాలి.

రెండో కాలాన్ని చేతి లెక్కతోనే చూడొచ్చు. 300 మంది కూర్చునే కార్యాలయ క్యాంటీన్, 1.2 మీటర్ల తలుపులు రెండు అనుకుందాం. జనం తలుపు అంచులకు రాసుకుంటూ నడవరు కాబట్టి రెండువైపులా 15 సెంటీమీటర్ల చొప్పున తీసేస్తారు. మిగిలే వెడల్పు 0.9 మీటరు. కిక్కిరిసిన తలుపులోంచి మీటరు వెడల్పుకు సెకనుకు గరిష్ఠంగా 1.3 మంది వెళ్తారన్నది వాడుకలో ఉన్న అంకె. రెండు తలుపులకు కలిపి సెకనుకు 2.34 మంది. అంటే 300 మందికి 128 సెకన్లు. మంట గుర్తించి గంట మోగడానికి 60 సెకన్లు, గంట విన్నాక లేచి కదలడానికి 90 సెకన్లు కలిపితే 278. ఒక తలుపునకు కుర్చీలు అడ్డం పెట్టారనుకుంటే తలుపు దగ్గరి సమయం 256 సెకన్లకు పెరిగి మొత్తం 406 అవుతుంది.

ఈ లెక్కలో కష్టమైన గణితమేమీ లేదు. 60, 90 అన్న అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ప్రశ్న. మెలకువగా ఉన్న ఉద్యోగులు, తర్ఫీదు పొందిన సిబ్బంది ఉన్న చోట 90 సెకన్లు నిలబడొచ్చు. లాడ్జిలో నిద్రపోతున్న అతిథికి అది అనేక నిమిషాలు కావచ్చు. తలుపు వెడల్పు పది సెంటీమీటర్లు పెంచడం గురించి గంటలకొద్దీ వాదించి, కదలడానికి పట్టే సమయాన్ని ఒక వాక్యంలో ఊహించి వదిలేసే నివేదికలు తక్కువేమీ కాదు.

ఒక గది, రెండు సూత్రాలు

పీజీలో ఏం నేర్పాలన్నదానిపై ప్రపంచంలోని ప్రధాన విశ్వవిద్యాలయాల ఆచార్యులు 1995లో ఒక నమూనా పాఠ్యప్రణాళిక ప్రతిపాదించారు. మంట మూలసూత్రాలు, గదిలో మంట గమనం, స్ప్రింక్లర్ల వంటి క్రియాశీల రక్షణ, గోడల వంటి నిష్క్రియ రక్షణ, మనుషులకూ మంటకూ ఉన్న సంబంధం అని అయిదు పాయలు. పేర్లు మారినా ఇప్పటికీ దాదాపు అన్ని కోర్సులూ ఈ చట్రంలోనే ఉన్నాయి. వీటిలో వెన్నెముక రెండోది, గదిలో మంట గమనం.

ప్రామాణిక పరీక్షల్లో వాడే గది కొలతలు 3.6, 2.4, 2.4 మీటర్లు. తలుపు 0.8 మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. గదిలో ఒక వస్తువు అంటుకుంటే వేడి పొగ పైకప్పు కింద పొరగా చేరుతుంది. ఆ పొర సుమారు 600 డిగ్రీలకు చేరి, నేల మీదకు చదరపు మీటరుకు 20 కిలోవాట్ల వికిరణం పడే సమయానికి గదిలో మండగలిగినవన్నీ దాదాపు ఒక్కసారిగా అంటుకుంటాయి. దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత గదిలో ఉన్నవారు బతికే అవకాశం దాదాపు ఉండదు.

ఫ్లాష్‌ఓవర్ రావాలంటే మంట ఎంత పెద్దదవ్వాలి? థామస్ సూత్రం గోడల వైశాల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఈ గదికి దాదాపు 1200 కిలోవాట్లు అంటుంది. బాబ్రాస్కస్ సూత్రం తలుపు నుంచి వచ్చే గాలిని మాత్రమే చూస్తుంది. 1700 కిలోవాట్లు అంటుంది. ఈ రెండో అంకె వెనుక తర్కం ఇది: తలుపు వైశాల్యాన్ని దాని ఎత్తు వర్గమూలంతో హెచ్చించి సగం చేస్తే సెకనుకు ఎన్ని కిలోల గాలి లోపలికి వస్తుందో తెలుస్తుంది. ఇక్కడ 1.13 కిలోలు. కిలో గాలిలోని ఆక్సిజన్ దాదాపు 3 మెగాజౌళ్ల వేడికి సరిపోతుంది. కాబట్టి ఈ గది లోపల మండగలిగిన గరిష్ఠం 3.4 మెగావాట్లు. అందులో సగం చేరేసరికి ఫ్లాష్‌ఓవర్ అని ఆ సూత్రం భావిస్తుంది.

మంట పరిమాణం గడిచిన సెకన్ల వర్గానికి (స్క్వేర్) అనుగుణంగా పెరుగుతుందని లెక్కిస్తారు. నెమ్మది, మధ్యస్థం, వేగం, అతివేగం అని నాలుగు తరగతులు. 1055 కిలోవాట్లకు చేరడానికి వాటికి వరుసగా 600, 300, 150, 75 సెకన్లు పడుతుంది. ‘వేగం’ తరగతి మంట పై గదిలో 1200 కిలోవాట్లకు 160 సెకన్లలో, 1700 కిలోవాట్లకు 190 సెకన్లలో చేరుతుంది. అంటే సూత్రం మారిస్తే తేడా 30 సెకన్లు. అదే మంటను ‘మధ్యస్థం’ అనుకుంటే 1200 కిలోవాట్లకు చేరడానికి 320 సెకన్లు. అంటే 160 సెకన్ల తేడా. తరగతి గదిలో సూత్రాల మీద ఎక్కువ కాలం గడిచినా, భవనంలో మనుషుల ప్రాణాలు ఆధారపడేది సోఫా ఏ తరగతికి చెందుతుందన్న నిర్ణయం మీదే. పాలీయురెథేన్ ఫోమ్ సోఫా ఒక్కటే రెండు, మూడు మెగావాట్లకు చేరగలదు.

ఆ నిర్ణయానికి ఆధారం ప్రయోగశాలలో దొరుకుతుంది. 1980ల తొలినాళ్లలో అమెరికా ప్రమాణాల సంస్థలో రూపొందిన కోన్ కెలోరీమీటర్ ఇందుకు ముఖ్య పరికరం. 10 సెంటీమీటర్ల చదరపు ముక్కను శంకువు ఆకారపు హీటరు కింద ఉంచి, పొగగొట్టంలో తగ్గిన ఆక్సిజన్‌ను కొలుస్తారు. సాధారణ ఇంధనం ఏదైనా, కిలో ఆక్సిజన్ ఖర్చయితే దాదాపు 13.1 మెగాజౌళ్ల వేడి వస్తుందన్న సూత్రం మీద అది నడుస్తుంది. ఒక్క పదార్థాన్ని నాలుగు వికిరణ స్థాయుల్లో, స్థాయికి మూడుసార్లు పరీక్షిస్తే 12 ముక్కలు కావాలి. థీసిస్‌లో అయిదు పదార్థాలు పోల్చాలనుకునే విద్యార్థి పరికరం ఖాళీ రోజులు ముందే లెక్కవేసుకోకపోతే సెమిస్టర్ అక్కడే కరిగిపోతుంది.

ఒకే ఫ్లాట్, పది జవాబులు

2006లో గ్లాస్గోలో కూల్చివేతకు సిద్ధమైన 23 అంతస్తుల భవనంలో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం నేతృత్వంలో డాల్‌మార్నాక్ పరీక్షలు జరిగాయి. సామాన్లు నింపిన మామూలు ఫ్లాట్‌లో సోఫాకు నిప్పు పెట్టారు. సుమారు అయిదు నిమిషాలకు ఫ్లాష్‌ఓవర్ వచ్చింది. అంతకంటే ఆసక్తికరమైంది దానికి ముందు జరిగిన పోటీ. ఫలితం తెలియకుండా, గది వివరాలు మాత్రమే ఇచ్చి, మంటను ముందే ఊహించమని వేర్వేరు బృందాలను అడిగారు. పది అనుకరణలు వచ్చాయి. ఎనిమిదింటికి వాడింది అమెరికాకు చెందిన నిస్ట్ (జాతీయ ప్రమాణాల సంస్థ) ఉచితంగా ఇచ్చే ఎఫ్‌డీఎస్ అనే మంట, పొగ అనుకరణ సాఫ్ట్‌వేర్. రెండింటికి అదే సంస్థ వారి సీఫాస్ట్. జవాబులు ఒకదానికొకటి ఏమాత్రం పొంతన లేకుండా వచ్చాయి. అసలు మంటతోనూ సరిపోలేదు.

సాఫ్ట్‌వేర్ చెడ్డదని దీనర్థం కాదు. మంట ఎంత వేగంగా పెరుగుతుందన్నది ప్రతి బృందం తనకు తోచినట్లు నిర్ణయించుకుంది. సోఫా నుంచి పక్క వస్తువుకు ఎప్పుడు అంటుకుంటుందో, కిటికీ అద్దం ఎప్పుడు పగులుతుందో కూడా అంతే. రంగురంగుల పొగ చిత్రాలతో వచ్చే నివేదిక చూడగానే నమ్మేసే అధికారులు, బిల్డర్లు తెలుసుకోవలసిన సంగతి ఇది.

న్యూజీలాండ్ దీనికి తనదైన మందు వేసింది. 1990ల తొలినాళ్లలోనే పనితీరు ఆధారిత భవన చట్టానికి మారిన దేశమది. ఆ అవసరం కోసమే క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో ఫైర్ ఇంజినీరింగ్ మాస్టర్స్ మొదలైంది. ఇంజినీర్లు ఎవరికి నచ్చిన అంకెలు వారు వాడుతున్నారని గుర్తించి, 2012లో ప్రభుత్వం ఒక నిర్ధారణ పద్ధతి తెచ్చింది. పది ప్రమాద సన్నివేశాలు అందులో ముందే రాసిపెట్టారు. చాలా భవనాలకు ‘వేగం’ తరగతి మంటనే వాడాలని నిర్దేశించారు. లెక్క చేసే స్వేచ్ఛ ఇంజినీరుకు ఉంది, లెక్కలోకి వేసే అంకెలు మాత్రం ప్రభుత్వానివి. స్వేచ్ఛ తగ్గిందని కొందరు ఇంజినీర్లకు నచ్చకపోవచ్చు. తనిఖీ సిబ్బంది తక్కువగా ఉన్న భారత్ వంటి దేశానికి మాత్రం పూర్తి స్వేచ్ఛ కంటే ఈ మధ్యేమార్గమే నప్పుతుంది.

ఎఫ్‌డీఎస్‌లో మరో సాధారణ పొరపాటు గడుల పరిమాణం. లెక్క కోసం గదిని చిన్న చిన్న గడులుగా విడగొడతారు. 1 మెగావాట్ మంటకు లక్షణ వ్యాసం (మంట శక్తిని బట్టి లెక్కగట్టే ఒక పొడవు) దాదాపు 0.96 మీటరు. దాన్ని 4 నుంచి 16తో భాగిస్తే గడి 24 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. గడిని సగం చేస్తే గడుల సంఖ్య ఎనిమిది రెట్లు, కాల విరామం సగం కావడంతో మొత్తం పని 16 రెట్లు పెరుగుతుంది. ఆరు గంటల్లో పూర్తయ్యేది నాలుగు రోజులు తీసుకుంటుంది. గడువు దగ్గరపడ్డాక చాలామంది ముతక గడితోనే సరిపెట్టి, గడి మారిస్తే జవాబు మారుతుందా అన్న పరీక్ష ఎగ్గొడతారు. పరీక్షకులు మొదట అడిగేది కూడా దాన్నే.

మెట్లదారిలోకి పొగ రాకుండా

సికింద్రాబాద్, పాతబస్తీ ప్రమాదాల నేపథ్యంలో తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు అన్నిటికంటే పనికొచ్చే పాఠం పొగ నియంత్రణ. సెల్లారులోనో కింది అంతస్తులోనో మంట రేగితే వేడి పొగకు మెట్లదారి పొగగొట్టంలా పనిచేస్తుంది. విద్యుత్ కేబుళ్ల షాఫ్టు, లిఫ్టు గుంత కూడా అంతే. స్లాబును చీల్చుకుని వెళ్లిన కేబుళ్ల చుట్టూ సందులు మూయకపోతే గంటసేపు మంటను తట్టుకునే గోడ కట్టినా ఫలితం శూన్యం.

ఎత్తైన భవనాల్లో మెట్లదారిలోకి ఫ్యానుతో గాలి పంపి, లోపలి ఒత్తిడి బయటి కంటే సుమారు 50 పాస్కల్‌లు ఎక్కువ ఉంచుతారు. ఇక్కడ లెక్క రెండువైపులా పదునైన కత్తి. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తున్న తలుపు మీద 50 పాస్కల్‌లంటే 105 న్యూటన్ల బలం. పిడి తలుపు అంచున ఉంటుంది కనుక చేతికి తెలిసేది అందులో సగం, దాదాపు 52. తలుపును మూసే స్ప్రింగ్ బలం మరో 40, 50. మొత్తం 100 న్యూటన్ల దరిదాపుల్లో ఆగితే పిల్లలు, వృద్ధులు కష్టం మీదైనా తలుపు తీయగలరు. ఫ్యాను పెద్దదై ఒత్తిడి 100 పాస్కల్‌లకు పోతే తలుపు తెరవడం చాలామందికి సాధ్యపడదు. మెట్లదారిలో పొగ ఉండదు, మనుషులూ ఉండరు. మరోవైపు మూడు అంతస్తుల తలుపులు ఒకేసారి తెరిస్తే ఒత్తిడి పడిపోయి పొగ లోపలికి వస్తుంది. అందుకే ఒత్తిడి విడుదల డ్యాంపర్, వేగం మార్చగల ఫ్యాను, ఎన్ని తలుపులు తెరిచి ఉంటాయన్న ఊహ... మూడూ కలిపి డిజైన్ చేయాలి. కట్టాక తలుపులు మూసి, తెరిచి రెండు స్థితుల్లోనూ కొలవాలి. మూసి కొలిచి సంతకం చేయించుకోవడమే తరచుగా జరిగే లోపం.

లిథియం బ్యాటరీలు ఈ పాఠాన్ని ఇంకా కఠినం చేశాయి. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌కు ఆ వేడి పాకుతుంది. వెలువడే వాయువుల్లో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటాయి. స్ప్రింక్లర్ నీరు చుట్టుపక్కలను చల్లబరుస్తుంది కానీ ప్యాక్ లోపలి గొలుసు చర్యను ఆపలేకపోవచ్చు. షోరూం, చార్జింగ్ కేంద్రం, వాటి పైన నివాసం అన్న కలయికకు పాత మంట తరగతులు సరిపోతాయా అన్నది ఇప్పుడు పరిశోధనాంశం.

ఉక్కు, కాంక్రీటు

కట్టడాల పాఠం సివిల్ వారికి సుపరిచితంగానే ఉంటుంది. ప్రామాణిక కొలిమి పరీక్షలో ఉష్ణోగ్రత 60 నిమిషాలకు 945, రెండు గంటలకు 1049 డిగ్రీలకు చేరుతుంది. యూరప్ కట్టడాల ప్రమాణమైన యూరోకోడ్ ప్రకారం నిర్మాణ ఉక్కు 500 డిగ్రీల వద్ద 78 శాతం బలం నిలుపుకుంటుంది. 600 డిగ్రీలకు అది 47 శాతమే. అయితే కొలిమిలో ఒంటరి దూలం వేరు, భవనంలో చుట్టూ పట్టున్న దూలం వేరు. ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో 1995, 96లో ఎనిమిది అంతస్తుల ఉక్కు కట్టడాన్ని కాల్చి చూసినప్పుడు, రక్షణ పూత లేని దూలాలు 800 డిగ్రీలు దాటి వంగిపోయినా భవనం కూలలేదు. స్లాబు పరచిన వలలా భారాన్ని మోసింది. కొత్తగా వస్తున్న కలప బహుళ అంతస్తుల్లో పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ కట్టడమే ఇంధనం.

ఎక్కడ, ఎన్నాళ్లు

ఈ చదువుకు పాత చిరునామా షికాగో. 1903లో అక్కడి ఆర్మర్ సంస్థలో అగ్ని రక్షణ ఇంజినీరింగ్ మొదలైంది, 1980లలో ఆగిపోయింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 1956 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. వూస్టర్ పాలిటెక్నిక్‌లో 1979లో అమెరికాలోనే తొలి పీజీ వచ్చింది. రెండుచోట్లా 30 క్రెడిట్లతో పూర్తవుతుంది. ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లోనూ చదవొచ్చు. స్ప్రింక్లర్లు, అలారాలు, ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం) ప్రమాణాల వైపు మొగ్గు ఎక్కువ. గల్ఫ్ ప్రాజెక్టుల్లో ఆ ప్రమాణాలే నడుస్తాయి కాబట్టి అటు వెళ్లేవారికి ఇది అనుకూలం.

బ్రిటన్‌లో ఎంఎస్సీ ఏడాదే. 180 క్రెడిట్లలో 60 థీసిస్‌కు పోతాయి. ఎడిన్‌బరాలో 1970ల్లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. కట్టడాల మీద పట్టు దాని బలం. అల్‌స్టర్, లాంకషైర్ (2025 వరకు సెంట్రల్ లాంకషైర్) విశ్వవిద్యాలయాల్లోనూ కోర్సులున్నాయి. ఏడాదిలో పూర్తవడం జేబుకు మంచిదే కానీ ప్రయోగాలకు వ్యవధి దొరకదు.

2010లో మొదలైన అంతర్జాతీయ మాస్టర్స్ రెండేళ్లది, 120 యూరోపియన్ క్రెడిట్లు. బెల్జియంలోని ఘెంట్, స్వీడన్‌లోని లండ్, ఎడిన్‌బరా కలిసి దీన్ని మొదలుపెట్టాయి. విద్యార్థి సెమిస్టర్‌కో దేశం మారతాడు. లండ్‌లో మనుషుల ప్రవర్తన, ప్రమాద అంచనా, అనుకరణలు ప్రధానం. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ దక్కితే నెలకు 1400 యూరోలు వస్తాయి. పోటీ తీవ్రం. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో చేరే సీట్లూ ఉంటాయి. రెండు దరఖాస్తులకు గడువు వేర్వేరు కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి.

భారత్‌లో మరో దారి ఉంది. సివిల్ లేదా మెకానికల్ ఎంటెక్‌లో చేరి అగ్ని అంశంపై థీసిస్ చేయడం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో అగ్ని పరిశోధన ప్రయోగశాల ఉంది. ఖర్చు తక్కువ, కానీ మనుషుల ప్రవర్తన, ప్రమాద అంచనా పాఠాలు సొంతంగా చదువుకోవాలి.

ఏ బ్రాంచి వారికి ఎక్కడ ఇబ్బంది

సివిల్ వారు దహనం, వికిరణం దగ్గర తడబడతారు. మెకానికల్ వారికి అవి తేలిక. ఉష్ణోగ్రతతో మారే కాంక్రీటు ధర్మాలు, కట్టడం భారాన్ని పంచుకునే తీరు కొత్త. కెమికల్ వారు మంటల్లో ముందుంటారు, ప్లాన్లు చదవడంలో వెనుకబడతారు. ఆర్కిటెక్టులకు గణితం గట్టి పరీక్ష, కానీ జనం కదలికల పాఠంలో వారే మెరుగు.

చేరడానికి మూడు నెలల ముందు ఉష్ణ బదిలీ పుస్తకం తిరగేయడం, కొంత పైథాన్ నేర్చుకోవడం, ఎఫ్‌డీఎస్ దించుకుని ఒక చిన్న మంట నడిపి చూడటం మంచి సన్నాహం. మీటరు వ్యాసం ఉన్న 1 మెగావాట్ మంట జ్వాల ఎత్తు హెస్కెస్టాడ్ సూత్రం ప్రకారం 2.7 మీటర్లు. ముందు ఆ అంకె కాగితం మీద వేసుకుని, తర్వాత కంప్యూటర్ ఏం చెబుతుందో చూడాలి. తేడా ఎక్కువ వస్తే గడి పరిమాణమో, అంచుల షరతులో తప్పు. ఈ క్రమాన్ని తిరగేసి, ముందు చిత్రం చూసి తర్వాత కారణాలు వెతికే అలవాటు పడితే థీసిస్‌లో దాన్ని వదిలించుకోవడం కష్టం.

థీసిస్ అంశాన్ని ఇరుకుగా ఎంచుకోవాలి. ‘బహుళ అంతస్తుల భవనాల్లో అగ్ని భద్రత’ అన్నది అంశం కాదు. ‘సెల్లారులో స్కూటర్ బ్యాటరీ మంటకు మెట్లదారి తలుపు సందుల ద్వారా చేరే పొగ’ అన్నది అంశం.

డిగ్రీ చేతికొచ్చాక

అమెరికాలో డిగ్రీ ఒక్కటే చాలదు. డ్రాయింగు మీద సంతకం చేయాలంటే ఎఫ్ఈ (ఇంజినీరింగ్ మూలాంశాల) పరీక్ష, అనుభవం, ఆపైన అగ్ని రక్షణ విభాగంలో పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) పరీక్ష గట్టెక్కాలి. బ్రిటన్‌లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఫైర్ ఇంజినీర్స్ వంటి సంస్థల ద్వారా చార్టర్డ్ హోదా (వృత్తి సంస్థ ఇచ్చే అర్హత గుర్తింపు) తెచ్చుకోవచ్చు. అక్కడ చేరబోయే కోర్సుకు ఆ సంస్థ గుర్తింపు ఉందో లేదో ముందే చూడాలి. లేకపోతే తర్వాత చదువు సరిసమానమని నిరూపించుకునే పని మీద పడుతుంది. గ్రెన్‌ఫెల్ సిఫార్సులు చట్టంగా మారితే ఈ గుర్తింపు విలువ ఇంకా పెరుగుతుంది.

భారత్‌లో ఫైర్ ఇంజినీర్ అన్న పేరుకు అలాంటి చట్ట రక్షణ లేదు. పని అంతర్జాతీయ కన్సల్టెన్సీలు, బీమా సంస్థల ప్రమాద అంచనా విభాగాలు, చమురు-రసాయన ప్రాజెక్టులు, విమానాశ్రయాలు, డేటా కేంద్రాల చుట్టూ ఉంటుంది. మెట్రో సొరంగాల్లో పొగను ఒకవైపునకే నెట్టడానికి గాలి వేగం ఎంత ఉండాలన్న లెక్క ప్రత్యేక నైపుణ్యం. ఢిల్లీ, చెన్నై, బెంగళూరుల్లో దానికి పనుంది. ప్రస్తుత హైదరాబాద్ మెట్రో పూర్తిగా స్తంభాల మీదే నడుస్తుంది కాబట్టి ఇక్కడ లేదు. హైదరాబాద్‌లో అద్దాలు, అల్యూమినియం పలకలు తొడిగిన వాణిజ్య భవనాలకు, ఫార్మా ప్లాంట్లలో ద్రావణుల ఆవిరి, పొడి పేలుళ్ల అంచనాకు ఇలాంటి చదువు అవసరం. అయితే ఎన్‌ఓసీ చెక్‌లిస్టు దాటి లెక్క అడిగే యజమాని ఇంకా అరుదు. అడిగేవారిలో ఎక్కువమంది విదేశీ పెట్టుబడిదారులో, బీమా సంస్థలో. కాబట్టి తిరిగి వచ్చి ఇక్కడే పనిచేయాలనుకునే వారికి మొదటి రెండు, మూడేళ్లు డిజైన్ పని ఎక్కువగా దొరికే చోట, అది దుబాయ్ కావచ్చు, లండన్ కావచ్చు, అనుభవం గడించడం లాభం. ఆ అనుభవం కాగితాల మీద ఉండాలి. ప్రతి ప్రాజెక్టులో ఏ మంట తరగతి తీసుకున్నారు, ఎందుకు, ఎవరు తనిఖీ చేశారు అన్నది రాసిపెట్టుకుంటే చార్టర్డ్ దరఖాస్తుకు అదే ఆధారం అవుతుంది.